పెన్సిలు పద్దు

గురువారం సాయంత్రం, పడవలు ఒడ్డెక్కాక
మా రేకుపెట్టె తెరుస్తారు.
మూడు తాళాలు దానికి.
తాళంచెవులు మూడు మెడల్లో వేలాడతాయి:
పెరెస్ అపోండి, రోజ్‌బెల్లా, ముసలి డోర్సిలా.
నా దగ్గర తాళంచెవి లేదు. పుస్తకం ఉంది.
ఎండు ఒమేనా చేపల పొలుసులంటి
ప్రతి పేజీ కాస్త వెండిరంగు.

మనిషికి ఇరవై షిల్లింగులు.
ముప్ఫై ఒక్క మంది ఆడవాళ్ళం.
ఎంత కడిగినా నీచువాసన పోని నాణేలు.
వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు, అంతే.
ఒకరి పిల్లాడికి పరీక్ష ఫీజు,
ఒకరి మగడి శవపేటికకు మేకులు.
నిజం, ఆ వారం మేకులకే సరిపోయాయి.

ఆ ఏడు సరస్సు మీదికి గుర్రపుడెక్క వచ్చింది.
రాత్రికి రాత్రే నీళ్ళు పొలమైపోయాయి,
ఊదాపూల పొలం.
ఎంత అందంగా ఉందో చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గే.
పడవ కదల్లేదు. వల తడవలేదు.
ఏడో వారం అకేయో వచ్చి నిలబడింది,
వీపున కూతురు, కూతురి ఒంట్లో మలేరియా.
మూడు తాళాలూ తీశాం,
లోపల ఏముందో తెలిసి కూడా.
ఆ తుప్పు వాసన
నా వేళ్ళ నుంచి ఇంకా పోలేదు.

(పిల్ల బతికింది. ఎవరో పడవ ఇంజను తాకట్టు పెట్టారు.
అది వేరే పేజీ.)

పెరెస్ ఆ రాత్రే అంది:
"మనమిచ్చేది ఐసుముక్క.
చేతులు మారేలోపు సగం నీళ్ళు.
ముక్కలెందుకు పంచడం?
ఐసు చేసే మిషనే కొందాం."

మాకు తెలుసు ఆమె దేన్ని అంటోందో.
పొద్దున్న చేప బంగారం, మధ్యాహ్నానికి అప్పు.
పట్నం లారీ తెచ్చే ఐసు
పట్నం లారీ చెప్పిన ధరకే.

డోర్సిలా లేచింది. మోకాళ్ళు పటుక్కుమన్నాయి.
"దానం సొమ్ముతో దుకాణమా?
ఏడుపు ఇంటికిచ్చే డబ్బుకి
లాభం కడతారటే మీరు?"
ఎవరూ మాట్లాడలేదు.
కప్పలు మాట్లాడాయి చాలాసేపు.

సొరబుర్రలో గింజలు వేశాం.
సరేనంటే తెల్లది, వద్దంటే ఎర్రది.
తెల్లవి పదిహేడు. ఎర్రవి పద్నాలుగు.
రెండుసార్లు లెక్కపెట్టాను,
ఎందుకంటే నాదీ ఎర్రదే.

నాణేలు పోగెయ్యడానికి రెండేళ్ళు పట్టింది.
మిషను కిసుము నుంచి వచ్చింది,
ఒక పక్క సొట్టతో, ఎవరి చేతుల్లోనో ముసలిదై.
మొదటి మూడు నెలలూ కరెంటు బిల్లే తినేసింది.
నష్టం రాసి రాసి ఎర్రసిరా అయిపోయింది,
ఇంకో పెన్ను కొనమని అడగడానికి మొహం చెల్లలేదు.

తర్వాత ఎప్పుడో,
ఏ రోజో నేను కూడా గమనించలేదు,
లారీలే మా దగ్గర ఆగడం మొదలైంది.
లారీకి పూర్తి ధర. బుట్టకు సగం.
మగడు పోయిన ఇంటికి నలభై రోజులు ఉచితం.
మిగిలిన దాంట్లో మూడో వంతు పెట్టెలోకి.
ఇప్పుడు పెట్టె నిండే ఉంటుంది.
మేకులే కాదు, చెక్క కూడా కొనగలం.

అయినా డోర్సిలా
ప్రతి గురువారం కొంగుముడి విప్పుతుంది.
"అక్కర్లేదమ్మా, మిషను ఇస్తోందిగా" అన్నాను.
నన్ను చూసింది, కుళ్ళిన చేపను చూసినట్టు.
"అది మిషను ఇచ్చింది.
మరి నేనేమిచ్చాను?"

ఇరవై షిల్లింగులు రేకు మీద టంగుమన్నాయి.
పుస్తకంలో దానికి గడి లేదు.
అమ్మకం, ఖర్చు, నిల్వ, సాయం,
ఎందులోనూ పట్టదు.
అంచున పెన్సిలుతో రాసుకున్నాను.

పోయిన వారం ఆ అంచున
ఇంకో రెండు పేర్లు చేరాయి.
ఒకటి అకేయోది.
రెండోది రాయడానికి
పెన్సిలు మళ్ళీ చెక్కాల్సొచ్చింది,
చెయ్యి ఎందుకో గట్టిగా నొక్కింది.